పాస్, ఫెయిల్, ఆబ్సెంట్

మన ఇళ్ళల్లో ఒక మంచి అలవాటు ఉంది. గడప దాటేవాడు "పోతున్నాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. ఆ మాట అనకుండా వెళ్ళిపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు మనసు మనసులో ఉండదు. ఈ మర్యాద మనుషులకే పరిమితం అనుకునేవాణ్ణి. జావా ప్రోగ్రాములను పరీక్షించే ఉద్యోగంలో చేరాక యంత్రాలకూ ఉందని తెలిసింది. మేవెన్ అనే పనిముట్టులో ష్యూర్‌ఫైర్ అని ఒక భాగం ఉంది. టెస్టులు నడిపించడం దాని పని. అది విడిగా పుట్టించిన జావా యంత్రం మధ్యలో చచ్చిపోతే తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం రాస్తుంది. దాని భావం ఇది: విడిగా నడుస్తున్న యంత్రం సరిగ్గా సెలవు తీసుకోకుండానే వెళ్ళిపోయింది, కూలిపోయిందా, లేక ఎవరైనా మధ్యలో ఆపేశారా?

ఆ వాక్యం రాసినవాడెవరో గాని, మనసున్నవాడు సుమా!

విద్యార్థి సంఘం వారు సంచికకు ఏదైనా రాసి పంపమన్నారు. కాలేజీ రోజుల జ్ఞాపకాలు రాయవచ్చు. కాని వాటిని నాకంటే బాగా రాసేవాళ్ళు ఈ పుటల్లో ఎప్పుడూ ఉన్నారు. అందుకని రోజూ నా అన్నం సంపాదించి పెట్టే విషయమే రాస్తున్నాను. కంప్యూటర్ చదవనివారు కంగారు పడనక్కరలేదు. పరీక్షలు రాసినవాళ్ళకు, పేపర్లు దిద్దినవాళ్ళకు అర్థం కానిదేదీ ఇందులో లేదు.

ముందు టెస్టు అంటే ఏమిటో చెబుతాను. ఒక ప్రోగ్రాం రాస్తాం. అది సరిగ్గా పని చేస్తోందా లేదా చూడటానికి ఇంకో చిన్న ప్రోగ్రాం రాస్తాం. "వెయ్యి రూపాయలు, పది శాతం, ఒక సంవత్సరం, వడ్డీ వంద రావాలి" అని ఆ చిన్న ప్రోగ్రాం అడుగుతుంది. వస్తే పాస్, రాకపోతే ఫెయిల్. జావాలో ఇలాంటివి రాయడానికి జేయూనిట్ అనే సాధనం ఉంది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలో కూర్చుని దాని మొదటి రూపం రాశారు. ప్రయాణంలో పేకాడుకునే జాతికి చెందిన నాకు ఇది విన్నప్పుడల్లా కొంచెం సిగ్గు వేస్తుంది.

ఒక మోస్తరు కంపెనీలో ఇలాంటి టెస్టులు వందలు, వేలు ఉంటాయి. వాటిని నడిపించే మేవెన్ కూడా జావా ప్రోగ్రామే. అది టెస్టులను తన ఒళ్ళోనే కూర్చోబెట్టుకుని నడిపించవచ్చు. కాని ఏ టెస్టయినా పిచ్చి పని చేసి యంత్రాన్ని ఆపేస్తే దాంతోపాటు మేవెన్ కూడా పోతుంది. ఒక టెస్టు వదిలిన చెత్త ఇంకో దాని కాళ్ళకు చుట్టుకుంటుంది. అందుకని టెస్టుల కోసం వేరే జావా యంత్రాన్ని పుట్టిస్తారు. దీన్నే ఫోర్క్ చేయడం అంటారు. యూనిక్స్ వాళ్ళ భాషలో పుట్టించినది తల్లి ప్రాసెస్, పుట్టినది పిల్ల ప్రాసెస్. మేవెన్ కంటే ముందు యాంట్ అనే పనిముట్టు రోజుల నుంచీ ఈ ఏర్పాటు ఉంది. ష్యూర్‌ఫైర్ మామూలుగా ఒక పిల్లను పుట్టించి అన్ని టెస్టులూ దానిచేతే చేయిస్తుంది. కావాలంటే నలుగురిని పుట్టించి పని పంచవచ్చు.

తల్లీ పిల్లా వేరు కాపురాలు కదా, మరి కబుర్లు ఎలా? మధ్యలో ఒక గొట్టం లాంటిది ఉంటుంది. "ఫలానా టెస్టు మొదలెట్టాను", "అయిపోయింది, పాస్" అని పిల్ల అందులోంచి చెబుతూ ఉంటుంది. తల్లి రాసుకుంటూ ఉంటుంది. చివరికి పిల్ల "ఇక సెలవు" అంటుంది. ఆ చివరి మాట రాకుండా గొట్టం మూసుకుపోయిందంటే తల్లికి మిగిలేది ఒకటే: పిల్ల పోతూ వదిలిన ముగింపు సంఖ్య. సున్నా అయితే క్షేమం. వేరే సంఖ్య అయితే ఏదో జరిగిందన్నమాట.

ఈ పిల్లల ప్రాణం తీసే జబ్బుల్లో మొదటిది జ్ఞాపకశక్తి చాలకపోవడం. మనిషి మతిమరుపు సంగతి కాదు లెండి, యంత్రంలోని మెమొరీ. ఇది రకరకాలుగా వస్తుంది. ఏ రకమో తెలుసుకోకుండా మందు వేస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

జావా తన వస్తువులన్నీ హీప్ అనే గదిలో పెట్టుకుంటుంది. ఆ గదికి ఒక గరిష్ఠ కొలత ఉంటుంది. మనం చెప్పకపోతే సాధారణంగా యంత్రంలో ఉన్న మొత్తం మెమొరీలో నాలుగో వంతును తానే కొలతగా తీసుకుంటుంది. గది నిండితే చెత్త ఊడ్చి చోటు చేసుకుంటుంది. ఊడ్చినా చోటు దొరకకపోతే అవుట్‌ఆఫ్‌మెమొరీఎర్రర్ అని అరుస్తుంది. ఇది మొదటి రకం. ఇందులో ఒక చిక్కుంది. ఆ అరుపు వచ్చినంత మాత్రాన యంత్రం చావదు. అడిగిన దారం ఒక్కటే తెగుతుంది, మిగతా దారాలు నడుస్తూనే ఉంటాయి. జేయూనిట్ 4 ఆ అరుపును కూడా మామూలు ఫెయిల్‌గా రాసుకుని తర్వాతి టెస్టుకు వెళ్ళిపోతుంది. 2017లో వచ్చిన జేయూనిట్ 5 మాత్రం దీన్ని కోలుకోలేని దెబ్బగా ఎంచి పైకి పంపేస్తుంది. ఏమైనా, ఒకసారి ఊపిరాడని యంత్రం ఆ తర్వాత చెప్పే సాక్ష్యాన్ని నేను నమ్మను. సగం చచ్చిన సాక్షి ఏది చూశాడో, ఏది కలగన్నాడో ఎవరికి తెలుసు?

రెండో రకం హీప్ బయట. జావా తను చదివిన క్లాసుల వివరాలను మెటాస్పేస్ అనే వేరే చోట ఉంచుతుంది. 2014లో వచ్చిన జావా 8 దాకా దాన్ని పెర్మ్‌జెన్ అనేవారు. దారం ఒక్కొక్క దానికి విడిగా స్టాక్ కావాలి. అరవై నాలుగు బిట్ల లినక్స్ మీద దీని కొలత మామూలుగా 1 ఎంబీ. ఇవి చాలకపోయినా వచ్చేది అదే పేరున్న అరుపు. కాని పక్కన ఉన్న మాట వేరుగా ఉంటుంది: మెటాస్పేస్ అనో, కొత్త దారం పుట్టించలేకపోయాననో. హీప్ పెంచితే ఇవి తగ్గవు. ఇంకా పెరుగుతాయి కూడా, ఎందుకంటే హీప్ తిన్నంత బయట మిగలదు.

మూడో రకం అన్నిటికంటే దొంగది. లినక్స్ అడిగినవాళ్ళందరికీ మెమొరీ ఇస్తానని మాట ఇస్తుంది. పెళ్ళికి మూడు వందల మందిని పిలిచి, ఎలాగూ అందరూ రారులే అని రెండు వందల యాభై విస్తళ్ళు తెప్పించినట్టు. అందరూ వస్తే? కెర్నెల్ ఒకణ్ణి ఎంచి లేపేస్తుంది. ఎక్కువగా తింటున్నవాడే సాధారణంగా దొరుకుతాడు. తొమ్మిదో నంబరు సిగ్నల్ పంపుతుంది. దాన్ని ఆపడం, పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అరవడానికీ టైము ఉండదు. మిగిలేది ముగింపు సంఖ్య 137. అంటే 128కి 9 కలిపితే వచ్చేది. జావా వైపు నుంచి ఒక్క అక్షరం కూడా రాదు, ఎందుకంటే జావాకు చచ్చిపోయానని తెలియదు. ఆ చావు కబురు ఉండేది కెర్నెల్ చిట్టాలోనే.

ఇక నా కళ్ళ ముందు జరిగింది చెబుతాను. హైదరాబాదులో నేను పని చేసిన ఒక కంపెనీలో బ్యాంకులకు డిపాజిట్ల మీద వడ్డీ లెక్కలు వేసే ప్రోగ్రాం తయారు చేసేవాళ్ళం. టెస్టులు 1,840. నాలుగు పిల్ల ప్రాసెస్‌లు, ఒక్కొక్క దానికి 1 జీబీ హీప్, యంత్రానికి 8 జీబీ మెమొరీ.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఒక టెస్టు రాసింది. చిన్న ఫైలు ఒకటి చదివి, నాలుగు తేదీలు సరిచూసే టెస్టు. అది చేర్చిన మర్నాడే అవుట్‌ఆఫ్‌మెమొరీఎర్రర్. కింద ఆ అమ్మాయి టెస్టు పేరే ఉంది. మా పెద్దాయన పిలిచారు.

"ఏమ్మా, నీ టెస్టు మొత్తం బిల్డునే పడగొడుతోంది. చూసి రాయద్దూ?"

"సార్, నా టెస్టు చదివే ఫైలు నాలుగు వందల కేబీ కూడా లేదు సార్."

"మరి పేరు నీదే వచ్చిందిగా?"

అంతే. ఆ టెస్టు పక్కన పెట్టేశారు. అమ్మాయి ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. నోరెత్తలేదు. నాకు మాత్రం ఆ తర్కం మింగుడు పడలేదు. కిక్కిరిసిన బస్సులో చివరగా ఎక్కినవాడి కాలు ఫుట్‌బోర్డు మీద నుంచి జారితే బస్సు నింపింది వాడే అనవచ్చునా? మెమొరీ నిండినప్పుడు అరుపు వచ్చేది నింపినవాడి దగ్గర కాదు. నిండిన తర్వాత గుక్కెడు అడిగినవాడి దగ్గర. ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్ల ఎంతమంది అమాయకులు దోషులయ్యారో!

నిజంగానే రెండు రోజులు తిరక్కుండా ఇంకో టెస్టు పడింది, ఈసారి పాతవాళ్ళది. పాతవాళ్ళది కాబట్టి ఇప్పుడు తప్పు మెమొరీదయింది. "హీప్ పెంచండి" అన్నారు. 1 జీబీని 3 చేశారు. అంతా ఆకుపచ్చ. అందరూ టీ తాగారు.

ఒక చిన్న గుణకారం ఎవరూ వేయలేదు. నాలుగు మూళ్ళు పన్నెండు. యంత్రంలో ఉన్నది ఎనిమిది. పైగా తల్లి ప్రాసెస్ తినేది వేరు, హీప్ బయటి ఖర్చు వేరు. చోటు ఉందని తెలిస్తే జావా చెత్త ఊడ్చడం వాయిదా వేస్తుంది. మనం కాదూ? కాబట్టి ఒక్కో పిల్ల మెల్లగా 3 జీబీ వైపు ఉబ్బుతూ పోయింది. కెర్నెల్ చూసి చూసి ఒకటో రెండో పిల్లలను లేపేసింది. 137, 137.

అయితే ఆకుపచ్చ ఎలా వచ్చిందంటారా? తల్లి ప్రాసెస్ పాపం అరిచింది. పిల్ల సెలవు చెప్పలేదని రాసింది. కాని దాని పైన మా సొంత స్క్రిప్టు ఒకటి ఉండేది. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన వాళ్ళెవరో రాసినది. అది ముగింపు సంఖ్యను పట్టించుకోదు. టెస్టులు రాసి పెట్టిన రిపోర్టు ఫైళ్ళను ఏరుకొచ్చి, వాటిలో ఫెయిళ్ళు ఎన్నో లెక్కపెడుతుంది. టెస్టు క్లాసు పూర్తయ్యాకే దాని రిపోర్టు ఫైలు పుడుతుంది. మధ్యలో చచ్చిన క్లాసుకు ఫైలే లేదు. ఫైలు లేనివాడు ఫెయిల్ ఎలా అవుతాడు? ఫెయిళ్ళు సున్నా. పక్కనే మొత్తం టెస్టులు 1,781 అని ఉంది. 1,840 ఉండాల్సిన చోట 1,781. మూడు వారాల పాటు ఆ అంకె మా అందరి కళ్ళ ముందే ఉంది.

మన యూనివర్సిటీ ఇందులో ఎంత జాగ్రత్తగా ఉంటుందో ఆలోచించండి. ఫలితాల పట్టికలో పాస్ ఉంటుంది, ఫెయిల్ ఉంటుంది, ఆబ్సెంట్ అని ఇంకోటి ఉంటుంది. హాలుకు రానివాణ్ణి "ఫెయిల్ కాలేదు కదా" అని పాస్ చేసే పరీక్షల అధికారి ఎక్కడైనా ఉన్నాడా? ముందు హాజరు లెక్క, తర్వాతే మార్కుల లెక్క. హాలులో ఎన్ని జవాబు పత్రాలు ఇచ్చారో అన్నీ తిరిగి వచ్చాయా లేదా చూశాకే కట్ట కడతారు. వేల రూపాయల యంత్రాలు పెట్టుకున్న మేము ఆ ఇన్విజిలేటరు పాటి జాగ్రత్త పడలేదు.

ఇంకో మాట కూడా గమనించాలి. రాకుండా పోయేవి ఏవో ఒకటి కాదు. బరువైన లెక్కలు చేసే టెస్టులే ఎక్కువ మెమొరీ అడుగుతాయి, అవి నడిచేటప్పుడే పిల్ల చస్తుంది. అంటే ఆబ్సెంట్ అయ్యేవి ఎప్పుడూ ముఖ్యమైనవే. తేలికపాటివన్నీ బుద్ధిగా వచ్చి పాసైపోతాయి. మా దగ్గర పోయిన యాభై తొమ్మిదిలో దీర్ఘకాలపు డిపాజిట్ల లెక్కలు ఉన్నాయి. ఆ మూడు వారాల్లోనే ఒకరు ఆ భాగంలో ఏదో సవరణ చేశారు. ఫిబ్రవరి 29న గడువు తీరే డిపాజిట్లకు ఒక రోజు వడ్డీ తగ్గింది. దాన్ని పట్టుకోవాల్సిన టెస్టు ఉంది, మంచి టెస్టు. కాని ఆ రోజు అది హాలుకు రాలేదు.

తప్పు పట్టుకున్నదెవరో తెలుసా? డిపాజిటర్లలో ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు గారట. బ్యాంకు పంపిన కాగితం ముందు పెట్టుకుని, పెన్సిలుతో లెక్క వేసి, "ఒక రోజు ఎక్కడికి పోయింది?" అని కౌంటరులో అడిగారట. బ్యాంకు వాళ్ళు సరిచేసి ఇచ్చారు. పోయింది ఒక్క రోజు వడ్డీయే. అయినా ఆయనకు లెక్క వచ్చు కాబట్టి అడిగారు. లెక్క రానివాళ్ళు, వచ్చినా కౌంటరు దాకా రాలేనివాళ్ళు, బ్యాంకు రాసిందంటే సరిగ్గానే రాసి ఉంటుందని నమ్మేవాళ్ళు ఎంతమందో. మేము ఆకుపచ్చ రంగు చూపించింది వాళ్ళ తరఫున. ఆ విషయం ఆ రోజు నాకు బాగా తగిలింది.

అప్పుడు మళ్ళీ మొదటి నుంచీ చూశాం. ఆ అమ్మాయే కూర్చుని చూసింది. హీప్‌ను మళ్ళీ 1 జీబీకి తగ్గించి, అవుట్‌ఆఫ్‌మెమొరీఎర్రర్ వచ్చిన క్షణాన గదిలో ఏమేం ఉన్నాయో ఫోటో తీసినట్టు ఫైలులో రాసి పెట్టమని జావాకు చెప్పింది. దీన్ని హీప్ డంప్ అంటారు. జావాలో ఆ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది, ఒక్క మాట చేర్చితే చాలు. ఆ ఫైలును ఎక్లిప్స్ వాళ్ళ మెమొరీ ఎనలైజరులో తెరిస్తే ఎవరి గుప్పిట్లో ఎంత ఉందో వరసగా చూపిస్తుంది. మొదటి వరసలోనే దొంగ దొరికాడు. అన్ని టెస్టులకూ మూలంగా ఉన్న ఒక పాత క్లాసులో స్టాటిక్ మ్యాప్ ఒకటి. స్టాటిక్ అంటే యంత్రం బతికున్నంత కాలం వదలనిది. ప్రతి టెస్టు క్లాసూ తన ఖాతాల వివరాలను అందులో పెట్టేది, ఎవరూ తీసేవారు కాదు. హాస్టల్ ఖాళీ చేసినవాళ్ళంతా ట్రంకు పెట్టెలు గదిలోనే వదిలేసి వెళ్ళినట్టు. ఆ అమ్మాయి టెస్టుకు అందులో ఒక్క పెట్టె కూడా లేదు.

"సార్, ఇది చూడండి" అని మాత్రం అంది. పెద్దాయన చూశారు. "నీ టెస్టు మళ్ళీ పెట్టెయ్యమ్మా" అన్నారు. అంతకంటే ఆయన ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అడగలేదు.

మ్యాప్ ఖాళీ చేసే రెండు వాక్యాలు చేర్చాక ఒక్కో పిల్లకు 768 ఎంబీ చాలింది. నాలుగూ కలిపి 3 జీబీ. మూడు రెట్లు పెంచాలన్న చోట తగ్గించి నడిపాం. ఆ తర్వాత కొన్ని నియమాలు పెట్టుకున్నాం. కంప్యూటర్ సైన్సు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొస్తాయని చెబుతున్నాను.

హీప్ ఎంతో మనమే చెప్పాలి, జావాకు వదలకూడదు. ఒక్కో పిల్ల మొత్తం యంత్రం తనదే అనుకుని నాలుగో వంతును కొలత వేసుకుంటుంది. అలాంటివి నలుగురు చేరితే నాలుగు పావులు ఒకటి. తల్లికి, మిగతా వాటికి ఏం మిగిలినట్టు? కాబట్టి హీప్‌ను పిల్లల సంఖ్యతో గుణించి, తల్లిదీ బయటి ఖర్చులూ కలిపి, అది ఉన్న మెమొరీ కంటే బాగా తక్కువ ఉండేట్టు చూసుకోవాలి.

ఊపిరాడని యంత్రాన్ని నడిపించకూడదు. మొదటి అరుపుకే ఆగిపోమని జావాకు చెప్పవచ్చు. 2016 నుంచి ఆ సౌకర్యం ఉంది. అలా ఆగినప్పుడు ముగింపు సంఖ్య 3 వస్తుంది. పోయే ముందు డంప్ రాసి పొమ్మనాలి. ఆ డంప్‌ను బిల్డు ముగియగానే తుడిచేసే చోట పెట్టకూడదు.

సంఖ్య 3 వస్తే డంప్ చూడాలి. 137 వస్తే కెర్నెల్ చిట్టా చూడాలి. అక్కడ హీప్ పెంచడం నిప్పులో నెయ్యి పోయడమే. పిల్లలనైనా తగ్గించాలి, హీప్‌నైనా తగ్గించాలి.

పడిపోయిన క్లాసును కొత్త పిల్ల చేత ఒంటరిగా, అదే కొలతలో ఒకసారి నడిపించి చూడాలి. ఒంటరిగానూ చచ్చిందంటే బరువు దానిదే. ఒంటరిగా పాసైతే ముందు వెళ్ళినవాళ్ళెవరో పెట్టెలు వదిలారన్నమాట. అయితే రెండోసారి పాసైందని మొదటి చావును చెరిపేయకూడదు. రెండూ రాసి ఉంచాలి. ప్రతి క్లాసుకూ కొత్త పిల్లను పుట్టించే ఏర్పాటు కూడా ఉంది. రోగం తెలుసుకోవడానికి అది మంచిదే. రోజూ అలాగే నడిపితే మాత్రం రోగం కనబడదు, లోపల ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది హాజరు పట్టిక. మొదలైన క్లాసులెన్ని, ముగిసినవెన్ని? మొదలై ముగియనిది ఏదైనా ఉంటే దాని పేరు ఎర్ర అక్షరాలతో పైన రావాలి. ఒక్క ఆబ్సెంట్ ఉన్నా ఆకుపచ్చ వెలగకూడదు.

ఇదంతా యంత్రాల గొడవ అనుకోకండి. ఏ ఆఫీసులోనైనా, ఏ కమిటీ రిపోర్టులోనైనా "ఫిర్యాదులు లేవు" అని రాసి ఉంటే రెండు అర్థాలు ఉండవచ్చు. ఫిర్యాదు చేయాల్సిన పని లేకపోయి ఉండవచ్చు. చేయాల్సినవాడు కౌంటరు దాకా రాలేకపోయి ఉండవచ్చు. ఈ రెండిటినీ ఒకే సున్నాలో కలిపేయకూడదు.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీలో కొత్తవాళ్ళకు పని నేర్పుతోంది. ఎవరైనా పరుగెత్తుకొచ్చి "అన్నీ పాసయ్యాయి మేడమ్" అంటే సంతోషిస్తుందట. సంతోషించే ముందు మాత్రం ఒక ప్రశ్న వేస్తుందట: "ఎంతమంది రాయాలి, ఎంతమంది రాశారు?"